పద్నాలుగు శాతమా, రూపాయి పదిహేడు పైసలా?

చీరాలలో వడ్డీని శాతాల్లో చెప్పేవాళ్లు తక్కువ. ‘ఎంతకి తెచ్చారు?’ అని అడిగితే ‘రెండు రూపాయలకి’ అంటారు. నూటికి నెలకు రెండు రూపాయలన్నమాట. ఏడాదికి ఇరవై నాలుగు. బడి మొహం చూడని ముసలమ్మ కూడా ఐదు వేలకు మూడు రూపాయల చొప్పున నాలుగు నెలల వడ్డీ ఎంతో వేళ్ల కణుపుల మీద లెక్క కట్టి చెప్పేస్తుంది. 2004లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం డ్వాక్రా గ్రూపులకిచ్చే అప్పుకి ‘పావలా వడ్డీ’ అని పేరు పెట్టింది. ఏడాదికి మూడు శాతం అని ఉంటే ఎంతమంది చెవికి ఎక్కేదో గానీ, పావలా అనగానే ఊరూరా పాకిపోయింది.

చిక్కంతా శాతాల దగ్గరే వస్తోంది. ఇప్పుడు ఫోన్ మోగితే చాలు, ‘మేడమ్, మీకు పర్సనల్ లోన్ శాంక్షనైంది’ అంటోంది ఓ తియ్యటి గొంతు. తాకట్టు అక్కర్లేదట, హామీ అక్కర్లేదట. శాతాన్ని పన్నెండుతో భాగిస్తే మన భాషలోకి వస్తుంది. పద్నాలుగు శాతమంటే రూపాయి పదిహేడు పైసల వడ్డీ. బయట నడిచే రెండు, మూడు రూపాయలతో పోలిస్తే చవకే మరి! కానీ ఆ లెక్క అక్కడితో ఆపేయకూడదు.

మొన్నామధ్య మా వీధిలో ఒకావిడ రెండు కాగితాలు పట్టుకొచ్చింది. అమ్మాయి కాలేజీ ఫీజుకి లక్ష రూపాయలు కావాలి. భర్తది చిన్న ఉద్యోగం. ‘అక్కా, బ్యాంకులో పద్నాలుగు అంటున్నారు. ఫైనాన్స్ కంపెనీ అబ్బాయి పన్నెండుకే ఇస్తానంటున్నాడు. పన్నెండే మేలు కదా?’ అంది. నేనో కాలిక్యులేటర్, ఆవిడో పెన్సిలూ తీసుకుని కూచున్నాం.

ఫైనాన్స్ అబ్బాయి చెప్పిన పన్నెండు ‘ఫ్లాట్’. అంటే లక్షకు ఏడాదికి పన్నెండు వేలు, మూడేళ్లకు ముప్పై ఆరు వేలు. లక్షా ముప్పై ఆరు వేలని 36 నెలలకు పంచితే నెలకు రూ.3,778. బ్యాంకు చెప్పిన పద్నాలుగు మాత్రం తగ్గుతూ వచ్చే అసలు మీద. నెలకు రూ.3,418 కడితే చాలు. మూడేళ్లకు వడ్డీ మొత్తం ఇరవై మూడు వేలు. చూశారా, పన్నెండు కంటే పద్నాలుగే తక్కువ! ఫ్లాట్ పద్ధతిలో మీరు సగం అసలు తీర్చేశాక కూడా లక్షా మీ దగ్గరే ఉన్నట్టు వడ్డీ వేస్తారు. బ్యాంకు పద్ధతిలోకి మారిస్తే ఆ పన్నెండు కాస్తా ఇరవై ఒకటి దాటుతుంది.

‘అయితే బ్యాంకే’ అని ఆవిడ లేవబోయింది. ఆగమన్నాను. బ్యాంకు కాగితంలో రెండో పేజీ ఉంది. ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతం, దాని మీద జీఎస్టీ, వెరసి రూ.2,360. ఇన్సూరెన్స్ పేరుతో ఇంకో మూడు వేలు. ఇవన్నీ ముందే పట్టుకుంటే చేతికొచ్చేది రూ.94,640. వాయిదా మాత్రం లక్షకే! ఇది కూడా కలిపి చూస్తే పద్నాలుగు శాతం అనుకున్నది దాదాపు పద్ధెనిమిది. రూపాయిన్నర వడ్డీ అయింది. అప్పటికీ ఫైనాన్స్ కంపెనీ కంటే నయమే. కానీ రూపాయి పదిహేడు పైసలు కాదు కదా.

ఈ అసలు రేటుని అప్పిచ్చేవాళ్లే లెక్క కట్టి చెప్పాలని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఆదేశించింది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే పర్సనల్ లోన్లన్నింటికీ బ్యాంకులైనా, ఫైనాన్స్ కంపెనీలైనా ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే కాగితం ఇవ్వాలి. అందులో ‘ఏపీఆర్’ అని ఒక అంకె ఉంటుంది. వడ్డీ, ఫీజులూ, తప్పనిసరి ఖర్చులూ అన్నీ కలిపిన రేటు అది. పోల్చాల్సింది దాన్నే. ఆ కాగితం మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి కాబట్టి తెలుగులో అడగొచ్చు. మూడు పనిదినాల పాటు ఆ షరతులు మారకూడదు, కాబట్టి ‘ఈ రోజే సంతకం పెట్టండి, రేపైతే రేటు పెరుగుతుంది’ అన్న మాట చెల్లదు. అందులో రాయని ఫీజు మన ఒప్పుకోలు లేకుండా తర్వాత వసూలు చేయకూడదు. ఇంత మేలు చేసే కాగితాన్ని అడిగి తీసుకునేవాళ్లు మా పేటలో ఎంతమంది అంటే... నవ్వొస్తుంది.

అయితే ఈ పోలికంతా నెలజీతం స్లిప్పు ఉన్న ఇంటికే. ఈపూరుపాలెంలోనో జాండ్రపేటలోనో గుంటమగ్గం మీద కుప్పడం చీర నేసే ఇంటికి బ్యాంకు పర్సనల్ లోన్ ఎవరిస్తారు? వాళ్లకు మొదటి అప్పు మాస్టర్ వీవర్ దగ్గరి అడ్వాన్సే. దానికి వడ్డీ ఉండదు. వినడానికి బావుంటుంది. కానీ బాకీ తీరేదాకా ఆయన మగ్గమే నేయాలి, ఆయనిచ్చిన మజూరీయే తీసుకోవాలి. పక్కాయన చీరకు నాలుగు రూపాయలు ఎక్కువిస్తానన్నా పోలేరు. ఆ పోలేకపోవడమే వడ్డీ. ఏ కాగితం మీదా ఏపీఆర్‌గా కనపడని వడ్డీ! వానాకాలం గుంటలో నీరు ఊరి మగ్గం ఆగితే ఇంటి ఖర్చుకి ఇంకో అడ్వాన్సు.

అది చాలకపోతే రోజువారీ ఫైనాన్స్. తొమ్మిది వేలు చేతికిచ్చి, రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. ‘వెయ్యే కదా పోయింది’ అంటారు అందరూ. రోజూ అసలు తీరిపోతుండగా ఆ వెయ్యి! ఏడాది లెక్కన డెబ్బై శాతం పైమాటే. ఆరు రూపాయల వడ్డీ అని ముఖాన చెబితే ఆవిడ ఛీ పొమ్మంటుంది. రోజుకి వంద అనేసరికి ఊఁ అంటోంది.

వడ్డీతోనే పోయేదైతే ఇంత రాయక్కర్లేదు. 2010లో మన రాష్ట్రంలో సూక్ష్మరుణ సంస్థలు ఒకే ఆడమనిషికి ఒకరి మీద ఒకరు అప్పులిచ్చి, వారం వారం గుమ్మంలో కూచుని వసూలు చేసిన రోజులు మర్చిపోయారా? ఆత్మహత్యలు జరిగాక ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సొచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ వ్యవహారం బయటపడ్డప్పుడు బాకీ పేరుతో ఆడవాళ్లను ఏ స్థితికి దిగజార్చారో పేపర్లలో చదివాం. 2020 చివర్లో సెల్‌ఫోన్ లోన్ యాప్‌ల వంతు వచ్చింది. ఫోన్‌లోని నంబర్లన్నింటికీ పరువు తీసే మెసేజీలు పంపారు. అప్పు ఎవరు వాడుకున్నా, వసూలుకి వచ్చినవాడు ముందు నిలదీసేది ఇంట్లో ఉండే మనిషినే.

బంగారం సంగతి వేరు. బ్యాంకులో పెడితే సాధారణంగా పర్సనల్ లోన్ కంటే వడ్డీ తక్కువ, జీతం స్లిప్పు అడగరు. 2025 జూన్‌లో వచ్చిన నిబంధనల ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పైతే నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు. బాకీ తీరిన ఏడు పనిదినాల్లో నగ తిరిగివ్వకపోతే, ఆలస్యం వాళ్లదే అయితే, రోజుకి ఐదు వేలు మనకే ఇవ్వాలి. నా మటుకు నాకు ఏడాది లోపు తీర్చగలిగే అవసరానికి ఇదే మంచిదనిపిస్తుంది. నెలనెలా వడ్డీ కట్టకుండా ఏటేటా తిరగరాయించుకుంటూ పోతే మాత్రం పుట్టింటివాళ్లు పెట్టిన గాజులు వేలం నోటీసులో కనబడతాయి.

గ్రూపులో ఉన్నవాళ్లు బయట ఎక్కడికైనా వెళ్లేముందు ఒకసారి అక్కడ అడగండి. 2022 నుంచి పొదుపు సంఘాలకు మూడు లక్షల లోపు బ్యాంకు అప్పు ఏడు శాతానికే. అరవై పైసల లోపు వడ్డీ! కాకపోతే అది సంఘానికంతటికీ ఇచ్చే అప్పు, మన వంతుకి వచ్చేది కొద్దిగా. ఆస్పత్రిలో రేపే కట్టమంటే దొరకదు. అలాంటప్పుడే జీతమున్న ఇంటికి బ్యాంకు పర్సనల్ లోన్ పనికొస్తుంది. పెళ్లి భోజనాలకీ, కొత్త టీవీకీ నేనైతే తీసుకోమనను. డబ్బు కలిసొచ్చి ముందే తీర్చేద్దామన్నా, ఈ లోన్లలో చాలావాటికి రేటు మారదు కాబట్టి ముందు తీర్చినందుకు ఛార్జీ వేసే వీలుంది. అదెంతో కూడా ముందే అడగాలి.

ఇంకో సంతకం ఉంది. ఆయన లోన్ తీసుకుంటూ ‘ఇక్కడ నువ్వో సంతకం పెట్టు’ అంటారు చూడండి, అది సాక్షి సంతకమా, ఉమ్మడి బాకీదారు సంతకమా? రెండోదైతే ఆయన వాయిదా తప్పినప్పుడు మన పేరు మీదా నల్లచుక్క పడుతుంది. రేపు కుట్టుమిషన్ల కోసం మనం విడిగా అప్పుకి వెళ్తే అది బయటికొస్తుంది. ఏడాదికోసారి మన పేరున ఉన్న అప్పుల చిట్టా మొత్తం ఉచితంగా తెప్పించుకోవచ్చు. ఇక వాయిదా ఆలస్యమైందని బ్యాంకు మనిషి ఉదయం 8 గంటల లోపు గానీ, రాత్రి 7 దాటాక గానీ ఫోన్ చేయకూడదు. సూక్ష్మరుణమైతే ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. మాట వినకపోతే ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. వివరాలకు ఫోన్ 14448.