గుడియాత్తం ఓటు

అమెరికావాళ్లకు ఇదొక తీరని సరదా. వాళ్ల దేశానికి పునాది వేసిన పెద్దల్లో నీకు ఎవరంటే ఇష్టం? బడిలో, భోజనాల దగ్గర, టీవీ చర్చల్లో ఈ ప్రశ్న నలుగుతూనే ఉంటుంది. ఒకరు వాషింగ్టన్ అంటారు, ఇంకొకరు ఫ్రాంక్లిన్ అంటారు. మనుషులంతా సమానమని రాసిన జెఫర్సన్‌కు జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలున్నారని గుర్తుచేసి మరొకరు ఆ పేరు కొట్టేస్తారు. 2015లో బ్రాడ్‌వేలో ఒక సంగీత నాటకం ఆడేసరికి, అప్పటిదాకా పది డాలర్ల నోటు మీద బొమ్మగా మిగిలిన హామిల్టన్ కుర్రకారుకు ఆరాధ్యుడైపోయాడు.

మన దగ్గర ఇదే ప్రశ్న వేస్తే జవాబుకన్నా ముందు కులం, పార్టీ, ప్రాంతం వచ్చి కూర్చుంటాయి. అందుకే నేనొక హద్దు గీసుకున్నాను: వేలూరు, గుడియాత్తం. రెండూ పాత ఉత్తర ఆర్కాటు జిల్లా ఊళ్లు. 1911 దాకా ఆ జిల్లాకు ముఖ్యపట్టణం మన చిత్తూరే. ఈ రెండు ఊళ్లతో ముడిపడిన స్వతంత్ర భారత నిర్మాతల్లో ఒక్కరినే ఎంచుకోమంటే ఎవరు?

రాధాకృష్ణన్ పేరు వెంటనే తడుతుంది. తిరుత్తణి తెలుగింటి బిడ్డ, వేలూరులో అమెరికన్ మిషనరీలు నడిపిన ఊరీస్ కాలేజీ విద్యార్థి. పండితుడిగా ఆయనకు దండం పెడతాను. కానీ కుర్చీల రాజకీయం తాలూకు దెబ్బలేవీ ఆయన ఒంటి మీద కనపడవు. ఉప్పు సత్యాగ్రహంలో వేలూరు ఆడవాళ్ల జైలుకు వెళ్లిన దుర్గాబాయి ఇంకా గట్టి అభ్యర్థి. రాజ్యాంగ సభలో కూర్చున్న 15 మంది మహిళల్లో ఒకరు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 అని ముసాయిదాలో ఉంటే దాన్ని 30కి దించేలా సవరణ తెచ్చారు. మరో రోజయితే ఆమెకే ఓటేసేవాణ్ణేమో. కానీ ఈ రెండు ఊళ్ల కథ అనేసరికి నా బుర్ర రాజాజీ, కామరాజుల దగ్గరే ఆగిపోతోంది. ఇద్దరూ వేలూరు జైలు చూసినవాళ్లే. మద్రాసు నగరం ఆంధ్రకు దక్కకూడదని గట్టిగా నిలబడినవాళ్లే. ఎవరిని ఎంచుకున్నా తెలుగువాడికి కాస్త మంట తప్పదు.

రాజాజీ 1921 డిసెంబరు నుంచి 1922 మార్చి దాకా వేలూరు జైల్లో ఉన్నారు. ఏడాదిలో స్వరాజ్యం వచ్చేస్తుందని దేశమంతా ఊగిపోతున్న రోజులవి. ఆ ఊపులోనే జైలుకొచ్చిన మనిషి, జనవరిలో తన డైరీలో ఏం రాసుకున్నారంటే: స్వరాజ్యం రాగానే సుఖం వచ్చేయదు. ఎన్నికల్లో అవినీతి, అన్యాయం, డబ్బున్నవాడి పెత్తనం, చేతకాని పాలన అన్నీ కలిసి బతుకును నరకం చేస్తాయి. పాత రోజులే నయమని జనం నిట్టూర్చే కాలం వస్తుంది. మిగిలిన ఆశ ఒక్కటే, అందరికీ చదువు, చిన్నప్పటి నుంచే నడవడిక నేర్పే చదువు.

తాను కట్టబోయే ఇల్లు ఎక్కడెక్కడ కురుస్తుందో పునాది తవ్వేటప్పుడే చెప్పిన మేస్త్రీ ఇంకొకరు నాకు కనపడలేదు. ఇక్కడే కథ ఆగిపోతే నా ఓటు రాజాజీకే.

ఆగలేదు. 1952 ఎన్నికల్లో ఉమ్మడి మద్రాసు శాసనసభలోని 375 స్థానాల్లో కాంగ్రెస్‌కు వచ్చినవి 152. ప్రతిపక్షాలన్నీ కలిసి టంగుటూరి ప్రకాశాన్ని నాయకుడిగా ఎన్నుకుని, మెజారిటీ మాదే అన్నాయి. గవర్నరు శ్రీప్రకాశ పిలిచింది మాత్రం రాజాజీని. ఆయనేమో ఎన్నికల్లో పోటీయే చేయలేదు. శాసనమండలికి నామినేట్ చేసి, ఆ దారిన ముఖ్యమంత్రిని చేశారు. నెహ్రూకే అది మింగుడుపడలేదు. ఎన్నికలు చెడతాయని 30 ఏళ్ల ముందే పసిగట్టిన మనిషి, తన వంతు వచ్చేసరికి ఓటరు గడప తొక్కకుండానే కుర్చీ ఎక్కారన్నమాట. ఆ ఏడాది డిసెంబరులో పొట్టి శ్రీరాములు ప్రాణం పోయినప్పుడు ఆ కుర్చీలో ఉన్నదీ ఆయనే. ఆ సంగతి నేను మరిచిపోలేదు, కానీ ఈ లెక్కలో దాన్ని కలపడం లేదు.

చదువు ఒక్కటే ఆశ అని రాసిన ఆ చేత్తోనే రాజాజీ 1953లో కొత్త ప్రాథమిక విద్యా పథకం తెచ్చారు. పిల్లలు సగంపూట బడికి రావాలి, మిగతా పూట ఇంట్లో తల్లిదండ్రుల పని నేర్చుకోవాలి. ఆయన ఉద్దేశం ఏదైనా కానీ, చాకలి కొడుకు చాకలిగానే మిగలాలా అని తమిళనాడు భగ్గుమంది. కులవృత్తి చదువు అని పేరు పడిపోయింది. దాంతో రాజాజీ దిగిపోక తప్పలేదు.

1954 ఏప్రిల్ 13న ఆ కుర్చీలో కూర్చున్న కామరాజు చిన్నప్పుడే బడి మానేసిన మనిషి. నాయకత్వానికి తన మీద పోటీచేసిన సి. సుబ్రమణ్యాన్నీ, ఆ పేరు ప్రతిపాదించిన భక్తవత్సలాన్నీ మంత్రివర్గంలోకే తీసుకున్నారు. మే నెలలో ఆ విద్యా పథకాన్ని ఎత్తేయించారు. అప్పటికి ఆయన లోక్‌సభ సభ్యుడు, ఆరు నెలల్లో రాష్ట్ర చట్టసభలోకి రావాలి. మండలి తలుపు తెరిచే ఉంది, రెండేళ్ల కిందట రాజాజీ నడిచిన బాటే. కామరాజు అటు పోకుండా గుడియాత్తం ఉపఎన్నికలో నిలబడ్డారు.

ఎందుకిది నాకు పెద్ద విషయం? గుడియాత్తం ఆయన ఊరు కాదు. సొంతూరు విరుదునగర్ ఎక్కడో దక్షిణాన ఉంది. ఆయన నాడార్ కులబలమూ అక్కడే. ఇక్కడున్నది మగ్గాలు, బీడీలు, అగ్గిపెట్టెల ఊరు, తెలుగు, తమిళం, ఉర్దూ ఒకే వీధిలో వినిపించే ఊరు. ఎదుట నిలబడింది కమ్యూనిస్టు అభ్యర్థి వి.కె. కోదండరామన్. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. చీటీ మీద ముద్ర వేసే పని లేదు. తెర వెనక్కి వెళ్లి కాంగ్రెస్ జోడెద్దుల పెట్టెలోనో, కమ్యూనిస్టుల కంకి కొడవలి పెట్టెలోనో వేసి రావడమే. కూలివాళ్ల ఊళ్లో ముఖ్యమంత్రికి ఆ రెండో పెట్టె చిన్న గండమేమీ కాదు.

గుడియాత్తంలో లుంగీలు నేసే ఒక పెద్దాయనతో ఈ మాట ఎత్తితే, చేతిలో కండె పక్కన పెట్టి, "మా నాయన ఎర్రజెండా మనిషే సామీ. అయినా ఆ తూరి ఎద్దులకే ఏసినాడంట. అంత పెద్ద మనిషి మన ఈదికొచ్చి కుంబిడు పెడితే ఎట్ల కాదంటామన్నాడు" అన్నాడు.

నిజం చెప్పాలంటే గెలుపు అంత అనుమానమేమీ కాదు. కాంగ్రెస్ అంటే మండిపడే పెరియార్, అణ్ణాదురై ఇద్దరూ కామరాజు వెనకే నిలబడ్డారు. అధికారం చేతిలో ఉండనే ఉంది. ఇదంతా ముందే అమర్చుకున్న పందెం అని ఎవరైనా అంటే నేను వాదించను. సులువైన తలుపు తెరిచి ఉండగా ఓటరు దగ్గరికే వెళ్లారన్నది మాత్రం చెరగదు.

వాషింగ్టన్‌ను అమెరికా నెత్తిన పెట్టుకున్నది యుద్ధం గెలిచినందుకే కాదు. 1783లో సేనాధిపత్యం అప్పగించి ఇంటికి పోయినందుకు, రెండు దఫాల తరవాత అధ్యక్ష పదవి వద్దన్నందుకు. ఆ తూకానికీ కామరాజు తగ్గరు. 1941లో వేలూరు జైల్లో ఉండగానే విరుదునగర్ మునిసిపాలిటీ ఆయనను ఛైర్మన్‌గా ఎన్నుకుంది. విడుదలై వచ్చి, పార్టీ పని ఉండగా ఈ పదవికి న్యాయం చేయలేనని అప్పుడే రాజీనామా ఇచ్చేశారు. 1963 అక్టోబరు 2న ముఖ్యమంత్రి పదవే వదిలేశారు. అందులో ఎత్తుగడ లేదనను. నాలుగు నెలలు తిరగకుండానే అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు, ఆపైన ఇద్దరు ప్రధానుల ఎంపికలో చక్రం తిప్పారు.

రాజాజీ డైరీలో కోరిన అందరి చదువును ఆచరణలోకి దించే పని చివరికి కామరాజు నెత్తినే పడింది. ఊరూరా బడులు, 1956 నుంచి మధ్యాహ్నం అన్నం. 1967లో తమాషా తిరగబడింది. గుడియాత్తంలో కామరాజుకు కొమ్ముకాసిన డీఎంకే ఈసారి రాజాజీ స్వతంత్ర పార్టీతో చెయ్యి కలిపింది. సొంతూరు విరుదునగర్‌లోనే ఒక విద్యార్థి నాయకుడి చేతిలో కామరాజు ఓడిపోయారు. రెండేళ్లు తిరక్కుండానే నాగర్‌కోయిల్ ఉపఎన్నికలో నిలబడి లోక్‌సభకు వెళ్లారు. ఓడినా, గెలిచినా ఆయనకు తెలిసిన దారి అదే.

అందుకని నా ఓటు జోడెద్దుల పెట్టెలోనే. ప్రకాశం పంతులు పేరెందుకు రాయలేదని ఒంగోలు నుంచి ఉత్తరాలు వస్తాయని తెలుసు. ఆయనకు వేరే హద్దు గీయాలి, దానికి ఇంకో వారం కావాలి.

— పాలారు