ఆ లోటుని పూడుస్తున్నదెవరు?

2025 జూన్ 30 నుంచి జులై 3 దాకా స్పెయిన్‌లోని సెవిల్లే నగరంలో అభివృద్ధికి నిధుల మీద నాలుగవ అంతర్జాతీయ మహాసభ జరిగింది. 2002లో మాంటెర్రే, 2008లో దోహా, 2015లో ఆదిస్ అబాబా సభల తర్వాత జరిగిన సభ ఇది. సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్ని అందుకోవటానికి అభివృద్ధి చెందుతున్న దేశాలకి ఏటా 4 లక్షల కోట్ల డాలర్లు తక్కువ పడుతున్నాయని ఆ సభ ఒప్పుకుంది. ఇట్లాంటి వార్తలు ఎప్పుడూ వాణిజ్య పేజీలకే పోతాయి. మనమూ ఆ పేజీ తిప్పేస్తుంటాం. కానీ ఈ లోటు గురించి స్త్రీలుగా మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుందని నా అభిప్రాయం. అంత డబ్బు లేకపోయినా ప్రపంచం నడుస్తూనే ఉంది కదా! మరి ఇన్నాళ్ళుగా ఆ లోటుని పూడుస్తున్నదెవరు?

ముందు జరిగిన మంచిని మంచిగానే చెప్పుకుందాం. 2015లో 193 దేశాలు కలిసి 17 లక్ష్యాలు పెట్టుకున్నాయి. అయిదవది స్త్రీ పురుష సమానత్వం. 2000 నుంచి 2023 మధ్య ప్రపంచంలో ప్రసూతి మరణాల రేటు దాదాపు 40 శాతం తగ్గింది. మన దేశంలో 2014-16లో లక్ష కాన్పులకి 130గా ఉన్నది 2018-20 నాటికి 97కి దిగింది. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ప్రభుత్వాలు మనసు పెట్టి ఖర్చుచేస్తే ప్రాణాలు నిలుస్తాయనటానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అయినా 2023లో కూడా ప్రపంచంలో దాదాపు 2 లక్షల 60 వేలమంది స్త్రీలు గర్భం, కాన్పు కారణంగా చనిపోయారు. మొత్తం లక్ష్యాల సంగతి చూస్తే, 2025 ఐక్యరాజ్యసమితి నివేదిక ప్రకారం అంచనా వేయటానికి వీలైన వాటిలో సరైన దారిలోనో ఒక మోస్తరుగానో సాగుతున్నవి 35 శాతం. 2015 నాటికన్నా వెనక్కి పోయినవి 18 శాతం. గడువేమో 2030.

డబ్బు లేక ఇట్లా అయిందనటం సగం నిజమే. సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం సహాయంగా ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లోనే తీర్మానించింది. 2024లో అవి ఇచ్చింది 0.33 శాతం. అదీ ముందటేడు కన్నా 7 శాతం తక్కువ. అమెరికా సెవిల్లే సభకి రానేలేదు. సభ జరుగుతుండగానే, జులై 1న, తన విదేశీ సహాయ సంస్థ యుఎస్ఎయిడ్‌ని మూసేసింది. ఇంకోపక్క అభివృద్ధి చెందుతున్న దేశాలు 2024లో ప్రభుత్వ అప్పుల మీద కట్టిన వడ్డీయే 92,100 కోట్ల డాలర్లు. ఆరోగ్యానికో చదువుకో పెట్టే దానికన్నా వడ్డీకే ఎక్కువ పెడుతున్న దేశాల్లో 340 కోట్లమంది బతుకుతున్నారు. స్త్రీ పురుష సమానత్వం కోసం అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఏటా అదనంగా కావలసింది 36,000 కోట్ల డాలర్లని యు.ఎన్. ఉమెన్ 2023లో లెక్కవేసింది. 2024లో ప్రపంచం సైన్యాల మీద పెట్టిన ఖర్చు దానికి ఏడు రెట్లు పైమాటే. డబ్బు లేదని ఇంకెవరైనా అంటే ఎట్లా నమ్మటం?

ఇక లోటు పూడ్చేవాళ్ళ దగ్గరికి వద్దాం. ఆసుపత్రిలో పడక దొరకని రోగి ఇంటికే వస్తాడు. అతనికి సేవచేసేది ఇంట్లో ఆడమనిషే. కుళాయి రాని ఊళ్ళో బిందె ఎక్కేది ఆమె నడుం మీదికే. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు చేస్తే మగవాళ్ళు చేసేది 88 నిమిషాలు. ఏ మంత్రీ తన బడ్జెట్‌లో చూపించని వనరు ఇది. దీనికి అసలూ లేదు, వడ్డీ లేదు, తిరిగి చెల్లించే గడువూ లేదు.

ఆ శ్రమ ఇల్లు దాటి ప్రభుత్వ పథకంలోకి వచ్చినా దాని విలువ మారలేదు. అంగన్‌వాడీ వ్యవస్థ 1975లో మొదలైంది. ఆకలి, ఆరోగ్యం, చదువు అనే మూడు లక్ష్యాల బరువూ దానిమీదే ఉంది. అక్కడ పనిచేసే స్త్రీలకి ఇచ్చేదాన్ని నేటికీ జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. వాళ్ళు గ్రాట్యుటీకి అర్హులేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేస్తే, ప్రభుత్వం 2024 జనవరిలో వాళ్ళమీద ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగినప్పుడు ఆమె పని సేవ. పని ఆపినప్పుడు మాత్రం అత్యవసర సేవ! అంతర్జాతీయ సభలు వెతుకుతున్న నిధుల్లో ఎంత భాగం ఇట్లా ఆడవాళ్ళ చెయ్యని జీతాల్లోంచి వస్తోందో ఈ ఒక్క సమ్మె చాలు తెలుసుకోటానికి.

ప్రభుత్వాల దగ్గర లేకపోతే ప్రైవేటు పెట్టుబడిని పిలుద్దాం అన్నది ఆదిస్ అబాబా నుంచీ గట్టిగా వినిపిస్తున్న మాట. సెవిల్లేలోనూ అదే వినిపించింది. పేదల పేరుమీద వచ్చే ప్రైవేటు పెట్టుబడి ఎట్లా ఉంటుందో తెలుగు స్త్రీలకి ఒకరు చెప్పనక్కర్లేదు. డ్వాక్రా సంఘాలుగా మనవాళ్ళు కూడబెట్టుకున్న పొదుపు అలవాటునీ, ఒకరికొకరు పూచీ ఉండే నమ్మకాన్నీ పునాది చేసుకుని సూక్ష్మ రుణ కంపెనీలు ఊళ్ళలోకి దిగాయి. వారం వారం వాయిదాలు, ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళమీద ఒత్తిడి, ఇంటిముందు నిలదీతలు, ఆత్మహత్యల వార్తలు. 2010 ఆగస్టులో వాటిలో ఒక పెద్ద కంపెనీ షేరు మార్కెట్‌కి ఎక్కింది. అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి పగ్గాలు వెయ్యాల్సి వచ్చింది. ప్రైవేటు డబ్బు అసలే వద్దని నేను అనటం లేదు. లాభం కోసం వచ్చే డబ్బుకి ముందుగా చట్టం ఉండాలి, శవాలు లేచాక కాదు.

సెవిల్లే ఒప్పందంలో స్త్రీల జీతంలేని చాకిరీని గుర్తించాలనీ, సంరక్షణ రంగంలో పెట్టుబడి పెంచాలనీ రాశారు. స్త్రీ ఉద్యమాలు ఏళ్ళ తరబడి పోరితే వచ్చిన వాక్యాలవి, చిన్నవి కావు. కానీ ఎవరు, ఎంత, ఎప్పటిలోగా అన్నది లేదు. అప్పుల విషయంలో ఐక్యరాజ్యసమితి కింద ఒప్పందం కావాలన్న ఆఫ్రికా దేశాల కోరిక, సిఫార్సులు చేసే ఒక చర్చా ప్రక్రియగా కుదించుకుపోయింది. ఆశ ఉన్నచోటు పన్నుల ఒప్పందం. పెద్ద కంపెనీలు పన్ను ఎగవేసే దారుల్ని మూయటానికి ఐక్యరాజ్యసమితిలో 2025లో చర్చలు మొదలయ్యాయి. 2027కి ముగించాలన్నది అనుకున్న గడువు. ఎగ్గొట్టిన పన్ను అంటే కట్టని ఆసుపత్రి అని మన సంఘాల్లో చెప్పుకోవాలి.

అంతదాకా మన ఊళ్ళో మనం చెయ్యగలిగింది ఉంది. 2005-06 నుంచీ కేంద్ర బడ్జెట్‌తో పాటు జెండర్ బడ్జెట్ పత్రం వస్తోంది. అందులో ఇళ్ళ పథకం మొత్తాన్నీ నూరుశాతం స్త్రీల ఖర్చుగా చూపిన సంవత్సరాలున్నాయి. ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటుందా? ఈ పత్రాన్ని దగ్గర పెట్టుకుని, మండలంలో అంగన్‌వాడీకి, ఆశా కార్యకర్తకి, నీళ్ళకి, కాన్పు గదికి ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో సమాచార హక్కు కింద అడుగుదాం. సంఘం సమావేశంలో పొదుపు పుస్తకంతో పాటు ప్రభుత్వ పద్దు కూడా చదువుదాం.

స్త్రీలు ఈ అభివృద్ధికి లబ్ధిదారులని కాగితాల మీద రాస్తున్నారు. లెక్క సరిగా రాస్తే వాళ్ళు దీనికి అప్పిచ్చినవాళ్ళు. అప్పిచ్చినవాళ్ళకి లెక్క అడిగే హక్కుంది.