పాత లాప్‌టాప్ ఉన్నోళ్లే ముందు కేవీఎం చదవాలి

మన సీఎస్‌ఈ తమ్ముళ్లు, చెల్లెళ్లు తరచూ ఒక మాట అంటారు: "కెర్నల్, హైపర్‌వైజర్ చదవాలంటే సర్వర్ ఉండాలన్నా, మా దగ్గరున్నది పాత ఐ3." నేను దీనికి ఒప్పుకోను. ఇంటరప్ట్ వర్చువలైజేషన్ విషయంలో అయితే ఆ పాత లాప్‌టాపే మంచి మాస్టారు. పోస్టు కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

ఆశ్రమ పాఠశాలలో చదివినోళ్లకి ఇది తేలిగ్గా ఎక్కుతుంది. ఇంటి నుంచి ఫోన్ వస్తే వార్డెన్ సార్‌కే వస్తుంది. క్లాసులో ఉన్న పిల్లాణ్ణి లేపి ఆఫీసుకి పిలిచి కబురు చెప్తారు. పిల్లాడు ఆ పని చూసుకుని, మళ్లీ వచ్చి "అయిపోయింది సార్" అనాలి. కబురు చిన్నదే, పోయేది పాఠం.

ఇక్కడ గెస్ట్ ఓఎస్ ఆ పిల్లాడు, కేవీఎం వార్డెన్. నెట్‌వర్క్ కార్డు నుంచి ఇంటరప్ట్ రాగానే ప్రాసెసర్ గెస్ట్‌ని ఆపి కేవీఎంలోకి వస్తుంది. ఇదే వీఎం ఎగ్జిట్. కేవీఎం ఆ ఇంటరప్ట్‌ని గెస్ట్‌కి అందించి మళ్లీ నడిపిస్తుంది. గెస్ట్ పని ముగించి, ఆ సంగతి ఏపీఐసీ రిజిస్టర్‌లో రాస్తుంది. ఆ ఏపీఐసీ నిజమైంది కాదు, కేవీఎం సాఫ్ట్‌వేర్‌తో ఆడిస్తున్న బొమ్మ. కాబట్టి ఇంకో ఎగ్జిట్. ఒక్కో రాకపోకకి వెయ్యికి పైగా సైకిళ్లు పోవడం మామూలే. సెకనుకి వేల ప్యాకెట్లు వచ్చే చోట ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

2007లో లినక్స్ 2.6.20తో కేవీఎం వచ్చినప్పుడు పరిస్థితి ఇదే. తర్వాత ఇంటెల్ జియాన్ సర్వర్ చిప్‌లలో ఏపీఐసీవీ తెచ్చింది, 2013లో కేవీఎం దాన్ని వాడటం మొదలుపెట్టింది. ఒక్కో వర్చువల్ సీపీయూకి మెమరీలో ఒక పేజీ ఉంటుంది, ఏపీఐసీ రిజిస్టర్లు అందులోనే. చదవడం, రాయడం చాలావరకు ప్రాసెసరే చూసుకుంటుంది. పోస్టెడ్ ఇంటరప్ట్ ఇంకో మెట్టు పైన. 256 వెక్టర్లకి 256 బిట్లు. వచ్చినదానికి బిట్ పెట్టి గంట కొడితే, నడుస్తున్న గెస్ట్‌ని బయటికి లాగకుండానే ప్రాసెసర్ అందిస్తుంది. ఉత్తరం నేరుగా బెంచీ మీదికే అన్నమాట. ఇదే పనికి ఏఎండీ పెట్టిన పేరు ఏవీఐసీ.

"హార్డ్‌వేరే చేస్తుంటే ఆ పాత కోడ్ ఎందుకు చదవడం?" అని అడుగుతారు. హార్డ్‌వేర్ వచ్చినా ఆ కోడ్‌కి పని పోలేదు. ఏవీఐసీ కోడ్ 2016లో కెర్నల్‌లో చేరినా ఏళ్ల తరబడి డిఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉంది. గెస్ట్ లోపల ఇంకో గెస్ట్ నడిపితే దాన్ని పక్కన పెట్టాల్సి వస్తుంది. అలాంటప్పుడల్లా భారం మోసేది పాత సాఫ్ట్‌వేర్ ఏపీఐసీయే.

ఇంకో సంగతి. చిప్ సాయం రాకముందే, 2012లో, టెక్నియన్, ఐబీఎం హైఫా పరిశోధకులు ఈఎల్ఐ అనే పద్ధతి చూపించారు. గెస్ట్ వాడే ఇంటరప్ట్ టేబుల్‌కి నీడలాంటి ఇంకో టేబుల్ పెట్టి, ఎగ్జిట్లు లేకుండా ఇంటరప్ట్‌లు అందించారు. వేగం అసలు మెషీన్‌లో 97 నుంచి 100 శాతం దాకా వచ్చింది. కొత్త చిప్ కోసం ఎదురుచూడలేదు వాళ్లు. ఎగ్జిట్ ఎక్కడ, ఎందుకు అవుతుందో తెలిసినోళ్లకే అలాంటి ఉపాయం తడుతుంది.

అందుకే అంటున్నా, మీ ఐ3లో ఏపీఐసీవీ లేకపోవడం మీకే మేలు. అది ఉంటే ఎగ్జిట్లు కనపడకుండా పోతాయి, అర్థం చేసుకోడానికి ఏమీ మిగలదు. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయండి, 512 ఎంబీతో చిన్న లినక్స్ గెస్ట్ నడపండి. అది నడుస్తుండగా హోస్ట్‌లో పెర్ఫ్ కేవీఎం స్టాట్ పెట్టి, గెస్ట్‌కి పింగ్ కొట్టండి. ఏ కారణంతో ఎన్ని ఎగ్జిట్లు అయ్యాయో పట్టీ వస్తుంది. దాన్ని పక్కన పెట్టుకుని కేవీఎం ఫోల్డర్‌లో ల్యాపిక్ డాట్ సి ఫైల్ తెరవండి. మామూలు సి భాషే, మీరు మొదటి ఏడాది చదివిందే. ఒక్కరోజులో అర్థం కాదు, నెల పట్టొచ్చు. పట్టనివ్వండి.

ల్యాబ్‌లో సర్వర్ అందుబాటులో ఉన్నోళ్లు ఎనేబుల్ ఏపీఐసీవీ పారామీటర్‌ని సున్నా చేసి మాడ్యూల్ లోడ్ చేయండి, అదే పింగ్ కొట్టండి. రెండు పట్టీలూ ఇక్కడ పెడితే ఐ3 వాళ్లతో పోల్చి చూద్దాం.