మంత్రుల అధికారిక కార్లు: కొనుగోలు ధరతో తేలని వ్యయం

హైదరాబాద్: ప్రభుత్వ వాహనాలపై చర్చ తలెత్తిన ప్రతిసారీ అది కొనుగోలు ధర వద్దే ఆగిపోవడం పరిపాటిగా మారింది. 2021 జూన్‌లో తెలంగాణలో అదనపు కలెక్టర్లకు 32 కియా కార్నివాల్ వాహనాలు అందజేసినప్పుడు జరిగింది ఇదే. గత ప్రభుత్వం 22 ల్యాండ్ క్రూయిజర్లు కొని విజయవాడలో ఉంచిందని 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి ప్రకటించినప్పుడు కూడా వార్తల్లో నిలిచింది ఒక్కో వాహనం విలువే. ఖజానాపై పడే భారాన్ని తెలుసుకోవడానికి ఈ ఒక్క అంకె చాలదు.

బడ్జెట్ పత్రాల్లో మోటారు వాహనాలది ఒక పద్దు. పెట్రోలు, ఆయిలుది వేరొక పద్దు. డ్రైవరు జీతం వేతనాల కింద గానీ, పొరుగు సేవల కింద గానీ కలిసిపోతుంది. మంత్రి కారు వెంట నడిచే భద్రతా వాహనాల వ్యయం పోలీసు శాఖది. ఫలితంగా ఒక మంత్రి ప్రయాణానికి ఏటా అవుతున్న ఖర్చు ఏ ఒక్క పేజీలోనూ కనిపించదు. కార్లకు ఎంత ఖర్చయిందని మాత్రమే అడిగే ప్రశ్నకు అసంపూర్ణమైన జవాబు రావడానికి దాపరికం కంటే పద్దుల అమరికే కారణమని చెప్పవచ్చు. పద్దుల వారీగా, సంవత్సరాల వారీగా అడిగితే వివరాలు లభిస్తాయి.

కేంద్ర మంత్రుల జీతభత్యాల చట్టం, 1952లో కారు కొనుక్కోవడానికి మంత్రికి తిరిగి చెల్లించవలసిన అడ్వాన్సు ఇచ్చే నిబంధన ఉండటం గమనార్హం. కారు మంత్రి సొంతది, అప్పు ప్రభుత్వానిది అన్నది నాటి ఆలోచన. నేటి కాన్వాయ్‌లను చూసేవారికి ఇది వింతగా తోచవచ్చు.

కాగా, వాహనాల సంఖ్యను నిజంగా కట్టడి చేసినది పొదుపు ఉత్తర్వులు కావు, 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ. ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య శాసనసభ సభ్యుల సంఖ్యలో 15 శాతానికి మించరాదని అది నిర్దేశించింది. 294 స్థానాల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పరిమితి 44. విభజన అనంతరం 175 స్థానాల ఆంధ్రప్రదేశ్‌కు 26, 119 స్థానాల తెలంగాణకు 18. రెండూ కలిపితే మళ్లీ 44. రాష్ట్రం రెండైనా ఈ లెక్క మారలేదు. అయితే కేబినెట్ హోదా పొందే సలహాదారులు, కార్పొరేషన్ల అధ్యక్షులు ఈ పరిమితిలోకి రారు. హోదాతోపాటు వాహన సదుపాయం కూడా వస్తుంది గనుక, మంత్రుల జాబితా చూసి కార్లను లెక్కగట్టడం సరికాదు.

2017 మే 1 నుంచి ఎర్ర బుగ్గలు తొలగిపోయాయి. ప్రజల్లో మంచి స్పందన లభించిన ఈ నిర్ణయం వల్ల హోదా చిహ్నం పోయిందే గాని, ఇంధనం బిల్లు తగ్గలేదు.

వ్యయంపై అంతకంటే ఎక్కువ ప్రభావం చూపగలది 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర నిబంధన. పదిహేనేళ్లు నిండిన ప్రభుత్వ వాహనం ఎంత బాగా నడుస్తున్నా దాని రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించరు; దానిని తుక్కు కేంద్రానికి పంపవలసిందే. శాంతిభద్రతలు, రక్షణ అవసరాలకు వాడే కవచ వాహనాల వంటి ప్రత్యేక వాహనాలకు మాత్రం మినహాయింపు ఉంది. పై స్థాయిలో కొత్త కారు వచ్చినప్పుడు పాతది కింది కార్యాలయాలకు చేరడం సాధారణం. కాబట్టి పదిహేనేళ్ల గడువు ముందుగా తాకేది మంత్రుల పేషీలను కాదు, క్షేత్రస్థాయి కార్యాలయాలను. పలు మండలాల్లో తహసీల్దార్లు ఇప్పటికే అద్దె వాహనాలపై ఆధారపడుతున్నారు. వాటి బిల్లుల చెల్లింపులో జాప్యం జరిగిన నెలల్లో తనిఖీలు, విచారణల పర్యటనలు వాయిదా పడుతుంటాయి. కొత్త వాహనాల ప్రతిపాదనలను పరిశీలించే ఆర్థిక శాఖ ముందు ఈ రెండు అవసరాలూ ఒకే నిధుల కోసం వచ్చి నిలుస్తాయి.