ఈ సిపాయిలకు ఏ రంగు వేయాలి?

చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ బ్రష్ పట్టాను. బొటనవేలి కణుపంత ప్లాస్టిక్ సిపాయిలు, గుర్రాలు, ఏనుగులు. ఒక్కోదానికి రంగులేసి, ఫౌజు కట్టి, బల్ల మీద పాచికలతో జంగ్ ఆడటం. దుబాయ్‌లో ఉన్నప్పుడు అంటుకున్న శౌఖ్ ఇది. ఏర్గట్లకు వాపస్ వచ్చాక ఆ పెట్టె సందూక్ అడుగున పడిపోయింది. ఇప్పుడు ఇషా తర్వాత గంటసేపు కూర్చుంటున్నాను. ఈ ఉమ్మర్‌లో బొమ్మలాట ఏందని అడిగేవాళ్ళకు నా జవాబు ఇది.

ఫుజూల్ ఖర్చు అంటారు. చాయ్ హోటల్లో, ఫోన్‌లో పోయే వక్త్‌కు మాత్రం ఎవరూ హిసాబ్ అడగరు. గల్ఫ్ నుంచి వచ్చిన మనిషి చేతులకు పని లేకపోతే దిల్ ఎట్లా కుంగిపోతుందో మా నిజామాబాద్ జిల్లా ఇండ్లకు బాగా తెలుసు.

తస్వీర్ మసలా అంతకన్నా పెద్దది, దాన్ని తేలిగ్గా తీసుకోను. హజ్రత్ ఆయిషా (రజి.) బొమ్మల్లో రెక్కల గుర్రం ఒకటి ఉండేదని, దాన్ని చూసి రసూలుల్లాహ్ (స) నవ్వారని అబూ దావూద్‌లో హదీసు ఉంది. దాన్నిబట్టి పిల్లల ఆటబొమ్మలను చాలామంది ఉలమా జాయిజ్ అన్నారు. పెద్దల విషయంలో ఇఖ్తిలాఫ్ ఉంది. నేను వాటిని గూట్లో సజాయించి పెట్టను. ఆట కాగానే డబ్బాలోకి పోతాయి. ఇంతకంటే గట్టిగా ఉండే ఇండ్లతో నాకు ఝగడా లేదు.

అసలు చెప్పాలనుకున్నది రంగుల గురించి. ముందు నల్ల ప్రైమర్, దాని మీద నీళ్ళు కలిపిన పలచటి పొరలు, తర్వాత బట్టల మడతల్లోకి దిగే ముదురు రంగు, చివర దాదాపు ఆరిన బ్రష్‌తో అంచుల మీద లేత రంగు. ఇదంతా సబర్‌తో వస్తుంది. కానీ ఏ సిపాయికి ఏ రంగు అనేది తారీఖ్ చదవకుండా తెలియదు.

నేను ఎత్తుకున్నది 1565 తళ్ళికోట జంగ్. మా పెద్దోడు ఒక డబ్బా ఆకుపచ్చ, ఒక డబ్బా కాషాయం తెచ్చి ముందు పెట్టాడు. వాడి తప్పేం లేదు, సినిమాలు అట్లనే నేర్పాయి. మనవాళ్ళ ఫౌజు అంటే సుర్మా కళ్ళు, నల్ల జుబ్బాలు, మాంసం పీక్కుతినుడు. కానీ ఆ రెండు డబ్బాలతో తళ్ళికోట పూర్తి కాదు. రామరాయల ఫౌజులో ముస్లిం సర్దార్లు, సిపాయిలు ఉన్నారు. సుల్తానుల వైపు మరాఠా రౌతులు ఉన్నారు. అంతకు కొన్నేళ్ళ ముందే బీజాపూర్ అలీ ఆదిల్ షా, రామరాయలు కలిసి అహ్మద్‌నగర్ మీదికి దండెత్తారు. ఇక గోల్కొండ ఇబ్రాహీం కుతుబ్ షా సంగతి చూడండి. గద్దె ఎక్కకముందు ఏడేళ్ళు విజయనగరంలోనే మెహమాన్. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఆయన్నే. ఆఖరికి తనకు పనాహ్ ఇచ్చిన ఇంటి మీదికే ఫౌజు తీసుకెళ్ళాడు. గెలిచాక విజయనగరం లూటీ అయింది. దాన్ని కడిగేయడం నా మఖ్సద్ కాదు. అది తఖ్త్ కోసం, కిలాల కోసం జరిగిన జంగ్ అని బల్ల మీద నిలబెడితే పిల్లలకు తొందరగా అర్థమవుతుంది.

వాళ్ళ తల్వార్లకు రంగేసేటప్పుడు మాత్రం నాకు కొంచెం ఫఖర్ వస్తుంది. మాకు దగ్గర్లోనే కమ్మర్‌పల్లి వైపు కోనసముద్రం ఉంది. అక్కడి కమ్మరులు మట్టి మూసల్లో ఇనుమును గంటల తరబడి కాచి, మెల్లగా చల్లార్చి ఉక్కు తీసేవారు. దాన్ని కొనడానికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి సౌదాగర్లు వచ్చేవారని హెన్రీ వాయ్సీ అనే అంగ్రేజ్ రాశాడు, 1832లో అచ్చయింది. దమిష్క్ తల్వార్ల మీద కనిపించే నీటి అలల్లాంటి జౌహర్ ఇలాంటి ఉక్కుదే. వడ్లగింజంత కత్తి మీద ముదురు వెండి రంగేసి, సన్నటి బ్రష్‌తో లేత గీతలు వంకరగా లాగాలి. నాలుగింట్లో ఒకటి కుదురుతుంది. పెద్దోడికి నాకన్నా బాగా కుదురుతోంది.

బయటి పెట్టెలు మహంగా అనిపిస్తే గోదావరి దాటితే నిర్మల్ ఉంది. అక్కడి నకాషీ కళాకారులు పొనికి కర్రతో బొమ్మలు చెక్కుతారు. రంగు వేయనివి దొరుకుతాయేమో అడిగి చూడండి. రెండు బ్రష్‌లు, ఐదారు రంగుల డబ్బీలు చాలు. ఆకుపచ్చ, కాషాయం కూడా కొనండి, ఏనుగు మీది జూల్‌కు పనికొస్తాయి.