జోకర్‌కు చప్పట్లు, ఆర్థర్‌కు తలుపు మూత



మన యౌవనస్థులు ఫోన్లలో చూస్తున్న సినిమాల గురించి తల్లిదండ్రులు అడుగుతూ ఉంటారు. వాళ్లు చెప్పే పేర్లలో 'జోకర్' ఒకటి. టాడ్ ఫిలిప్స్ తీసిన సినిమా, 2019 అక్టోబరులో వచ్చింది. "పిల్లలు ఇలాంటివి చూడొచ్చా అయ్యగారూ?" అన్నది వాళ్ల ప్రశ్న. చిన్నపిల్లలకు వద్దు. అమెరికాలోనే దానికి పెద్దలతో కలిసి మాత్రమే చూడాలన్న ధృవపత్రం ఇచ్చారు. ఆ మాట అంతటితో ముగుస్తుంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేరే ప్రశ్న: ఇంతమంది దాన్ని చూశారు కదా, చూసి ఏం చేశారు?

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఆర్థర్ ఫ్లెక్ జోకర్ వేషం వేసుకుని పొట్ట పోసుకునే పేదవాడు. ముసలి తల్లిని చూసుకుంటాడు. ఏడవాల్సిన చోట కూడా ఆపుకోలేని నవ్వు వచ్చే జబ్బు అతనికి ఉంది. ఎవరైనా తప్పుగా అనుకుంటారేమోనని తన జబ్బు గురించి రాసిన చీటీ జేబులో పెట్టుకుని తిరుగుతాడు. ప్రభుత్వం నిధులు ఆపేయడంతో అతను వెళ్లే కౌన్సెలింగ్ కేంద్రం మూతపడుతుంది, మాత్రలూ ఆగిపోతాయి. అప్పటికే దెబ్బతిని ఉన్నవాడికి గోరుచుట్టు మీద రోకటిపోటు. అప్పటికే చేతికి తుపాకి వచ్చి, హత్యలు మొదలై ఉంటాయి. చివరికి టీవీ కార్యక్రమంలో లక్షలమంది చూస్తుండగా మనిషిని కాల్చేస్తాడు. ఊరు తగలబడుతుంటే జనం అతన్ని కారు మీదికి ఎక్కించి జేజేలు కొడతారు.

ఈ సినిమా గురించి మొదట వినబడింది భయం. 2012 జులైలో కొలరాడోలోని అరోరా పట్టణంలో, ఇదే కథల వరుసకు చెందిన మరో సినిమా ఆడుతున్న హాలులో ఒకడు తుపాకితో 12 మందిని చంపాడు. ఆ బాధిత కుటుంబాలలో కొందరు 'జోకర్' నిర్మాణ సంస్థకు ఉత్తరం రాశారు. సినిమా ఆపమని వాళ్లు అడగలేదు. తుపాకుల హింస తగ్గించడానికి మీ పలుకుబడి వాడండి అని అడిగారు. పెద్ద నగరాల్లో హాళ్ల దగ్గర పోలీసులను పెంచారు. అయితే భయపడినంత పెద్ద ఘోరమేదీ జరగలేదు.

భయం తగ్గాక మొదలైంది మెచ్చుకోలు. వెనిస్ చిత్రోత్సవంలో ఆ సినిమాకు అప్పటికే అత్యున్నత బహుమతి వచ్చింది. 2020లో ఆర్థర్‌గా నటించిన వాకీన్ ఫీనిక్స్‌కు ఆస్కార్ ఇచ్చారు. వసూళ్లు 100 కోట్ల డాలర్లు దాటాయి. న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే చోట ఉన్న మెట్లమీద ఆర్థర్ నాట్యం చేస్తాడు. ఆ పేట ప్రజలకు చిరాకు పుట్టేంతగా జనం అక్కడికి వెళ్లి అదే భంగిమలో ఫోటోలు తీసుకున్నారు. సినిమా వచ్చిన 2019లోనే బీరూట్‌లో, చిలీలో నిరసనకారులు కొందరు అతని రంగు ముఖానికి పూసుకుని వీధుల్లోకి వచ్చారు. "అతన్ని అలా చేసింది సమాజమే" అన్నది చాలామంది మాట.

ఆ మాటలో సగం నిజం ఉంది. మందు ఆపేసిన ప్రభుత్వానిదీ, అవమానించిన మనుషులదీ తప్పే. కాని మిగతా సగం ప్రమాదకరం. ఆర్థర్‌కంటే ఎక్కువ బాధపడుతూ ఎవరిమీదా చెయ్యెత్తని మనుషులు లోకంలో లెక్కలేనంతమంది ఉన్నారు. బాధపడినవాడు చివరికి చంపుతాడు అని చెబితే, బాధపడుతున్న వాళ్లందరి మీదా అనుమానం వేసినట్టే. మానసిక రోగంతో ఉన్నవారిలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. వాళ్లే ఇతరుల చేతిలో దెబ్బలు తింటారు. అయినా మన భాషలో "పిచ్చోడి చేతిలో రాయి" అనే సామెత ఉంది. అసలు ఎవరి చేతిలోని రాయి ఎవరికి ఎక్కువగా తగిలిందో మన వీధుల్లో అందరికీ తెలుసు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. న్యూజిలాండ్ పరిశోధకులు 164 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు 'జోకర్', మరో గుంపుకు 'టెర్మినేటర్' వరుసలోని సినిమా చూపించారు. ఫలితం 2020లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. 'జోకర్' చూసినవారిలో మానసిక రోగుల పట్ల చిన్నచూపు పెరిగింది. ఆర్థర్ బాధను చూపించిన సినిమాయే అతనిలాంటి వారిపట్ల మనసును మరికాస్త గట్టిపరిచింది. హాలులో తడిసిన కళ్లు వీధిలో మనల్ని మంచివాళ్లను చేస్తాయని నమ్మకూడదు.

ఐదేళ్ల తర్వాత, 2024 అక్టోబరులో రెండో భాగం వచ్చింది. ప్రేక్షకుల మనసు నిజంగా ఎక్కడుందో అప్పుడు బయటపడిందని నా అభిప్రాయం. అందులో ఆర్థర్ కోర్టులో నిలబడి జోకర్ అంటూ ఎవరూ లేడని, ఉన్నది తానొక్కడేనని, ఆ హత్యలు తానే చేశానని ఒప్పుకుంటాడు. కథలో అతన్ని ప్రేమించానన్న స్త్రీకి కావలసింది జోకర్. ఉత్త ఆర్థర్ ఎదురయ్యేసరికి, అవే మెట్ల మీద, అతన్ని వదిలి వెళ్లిపోతుంది. హాలులోని జనమూ అలాగే వెళ్లిపోయారు. అమెరికాలో మొదటిరోజు ప్రేక్షకులను అడిగి ఇచ్చే గ్రేడుల్లో మొదటి భాగానికి బి ప్లస్ వస్తే, దీనికి డి వచ్చింది. వసూళ్లు ఐదో వంతుకు పడిపోయాయి. పాటలెక్కువని, నడక నెమ్మదని కూడా విమర్శలు వచ్చాయి, కాదనను. కాని ఎక్కువ కోపం మాత్రం ఒక్క దానిమీదే: మా జోకర్‌ను మామూలు మనిషిని చేశారే!

ఇది చదువుతుంటే మార్కు సువార్త 5వ అధ్యాయం గుర్తొస్తుంది. గెరాసేనుల దేశంలో సమాధుల మధ్య తిరిగే ఒక మనిషి ఉన్నాడు. ఊరివాళ్లు అతన్ని గొలుసులతో కట్టారు, అతను తెంచుకున్నాడు. రాత్రీ పగలూ కేకలు వేస్తూ రాళ్లతో తన్ను తాను గాయపరచుకునేవాడు. యేసుప్రభువు అతని దగ్గర ఆగి, పేరు అడిగాడు. తర్వాత అతను బట్టలు కట్టుకుని, స్వస్థచిత్తుడై కూర్చున్నాడు. అది చూసి ఊరివాళ్లు సంతోషించాలి కదా? భయపడ్డారు. తమ ప్రాంతం విడిచి వెళ్లమని ప్రభువునే బతిమాలారు. కేకలు వేసేవాడు వాళ్లకు అలవాటైపోయాడు. బాగుపడి తమ పక్కన కూర్చున్నవాడితో ఏం చేయాలో మాత్రం వాళ్లకు తెలియలేదు.

ప్రియులారా, ఈ భాగం చదివి మానసిక రోగాలన్నీ దయ్యాలే అని తీర్మానించేవాళ్లు మనలో ఉన్నారు. వాక్యం అలా చెప్పడం లేదు. మత్తయి 4:24లో దయ్యము పట్టినవారిని వేరుగా, చాంద్రరోగులను వేరుగా, పక్షవాయువు గలవారిని వేరుగా లెక్కపెట్టారు. చావు కోరుకుని చెట్టుకింద పడుకున్న ఏలీయాను దేవదూత గద్దించలేదు. రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చాడు. అందుకే ప్రార్థన చేస్తున్నాం కదా అని మాత్రలు మాన్పించడం విశ్వాసం కాదని గట్టిగా చెబుతున్నాను. సినిమాలో ఆర్థర్ మాత్రలు ఆపింది ప్రభుత్వం. మన దగ్గర కొన్నిసార్లు ఇంటివాళ్లు ఆపుతున్నారు, కొన్నిసార్లు కాపరులే ఆపిస్తున్నారు.

దానివల్ల ఎంతవరకు వెళ్తుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో చూశాం. స్వస్థత కోసం తెచ్చి గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది, పాకకు నిప్పంటుకుంటే కదల్లేక కాలిపోయారు. ఈరోజు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలా గొలుసులతో కట్టడం నిషేధం. అయినా 2015–16లో జరిగిన జాతీయ సర్వే చూస్తే, మానసిక రోగం ఉన్న పదిమందిలో కనీసం ఏడుగురికి వైద్యం అందడం లేదు. మన ఊళ్లు ఆ లెక్కకు బయట లేవు.

సినిమాలో ఒక చిన్న సంగతి నన్ను వదలదు. ఆర్థర్ ఇంటికి వచ్చిన ఇద్దరు తోటి పనివాళ్లలో ఒకణ్ణి చంపేస్తాడు. పొట్టివాడైన రెండో అతన్ని మాత్రం వదిలేస్తాడు. నాతో మంచిగా ఉన్నది నువ్వొక్కడివే అంటాడు. మంచిమాట మందుకు బదులు కాదు. కాని మందు దగ్గరికి తీసుకెళ్లేది తరచుగా ఆ మంచిమాటే.

కాబట్టి ఆ సినిమా చూసిన యౌవనస్థులతో ఒక మాట. చూస్తున్నప్పుడు "వీడు అచ్చం నాలాగే ఉన్నాడు" అనిపించి ఉంటే సిగ్గుపడకండి, దాచుకోకండి. నిద్ర పట్టకపోయినా, బతకాలని లేకపోయినా ఇంట్లో ఎవరికైనా చెప్పండి, లేదా నా దగ్గరికి రండి. ఎవరికీ చెప్పలేకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన ఈ ప్రభుత్వ సేవ పేరు టెలి మానస్. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు, రాత్రయినా పలుకుతారు.

పెద్దలతో మరో మాట. చికిత్స తీసుకుని తిరిగి వచ్చినవాణ్ణి ఆదివారం ఆరాధనలో వెనక బల్లమీద ఒంటరిగా వదిలేయకండి. "ఇప్పుడు తగ్గిందా?" అని పదిమందిలో అడగకండి. పెళ్లికి పిలవండి, పొలం పనికి పిలవండి, మీ పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టండి. బాగుపడిన ఆ మనిషి ప్రభువుతోనే వస్తానన్నాడు. ప్రభువు అతన్ని ఇంటికి, అతని వాళ్ల దగ్గరికి పంపించాడు. అంటే అతన్ని చేర్చుకునే పని ఊరికి అప్పగించాడు. ఆ పని ఇప్పుడు మన చేతిలో ఉంది.

జోకర్‌కు చప్పట్లు కొట్టడానికి లోకంలో కోట్లమంది ఉన్నారు. ఆర్థర్ పక్కన కూర్చోవడానికి మన సంఘంలో ఒక్కరైనా ఉండాలి. అలాంటి మనసు ప్రభువు మనందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.