తప్పు లెక్కలో కాదు, మాటలో



తెలుగు ఉపాధ్యాయునికి భౌతికశాస్త్రముతో పనేమిటని మీరు అడుగవచ్చును. చాలా కాలము నేనూ అట్లే తలచినాను. పిల్లలు బలము, త్వరణము అంటూ సందేహములతో వస్తే "సైన్సు సారును అడగండి" అని పంపివేసినాను. అది పొరపాటని కృష్ణగిరి జిల్లాలో తెలుగు మాధ్యమమున తొమ్మిదవ తరగతి చదివే ఒక బాలిక నాకు తెలియజేసినది.

ఆమె నోటుపుస్తకములోని లెక్క ఇది: 10 కిలోగ్రాముల ద్రవ్యరాశి గల పెట్టెను గరుకు నేలపై సమవేగముతో లాగుటకు 20 న్యూటన్ల బలము నేలకు సమాంతరముగా ప్రయోగించవలెను. ఘర్షణ బలమెంత? ఆమె 20ని 10తో భాగించి 2 అని వ్రాసినది. ఎందుకమ్మా అంటే, "బలమూ ద్రవ్యరాశీ ఇచ్చినారు గదా సార్, సూత్రము అదే గదా" అన్నది. భాగహారము సరియే. ప్రశ్న మాత్రము ఆమెకు అందలేదు.

"సమవేగమునకు విగ్రహవాక్యము చెప్పు" అన్నాను. సమమైన వేగము, విశేషణ పూర్వపద కర్మధారయము. అంతవరకు నా పాఠమే. ఆ పైన ఆమెయే సాగినది: వేగము మారకపోతే త్వరణము సున్న, త్వరణము సున్న అయితే ఫలిత బలము సున్న, కాబట్టి ఘర్షణయు 20 న్యూటన్లే. "26 న్యూటన్లతో లాగితే?" అన్నాను. ఘర్షణ పోగా 6 మిగులును, దానిని 10తో భాగిస్తే త్వరణము సెకనుకు సెకనుకు 0.6 మీటర్లు. ఈసారి భాగహారము దాని చోట అది వచ్చినది.

ఇటువంటి మాటలు మరికొన్ని ఉన్నవి. అంగడిలో మనము 5 కిలోల బరువు అంటాము. శాస్త్రములో 5 కిలోలు ద్రవ్యరాశి. భూమిపై దాని బరువు 49 న్యూటన్లు, చంద్రునిపై సుమారు 8. బియ్యపు సంచిలోని ద్రవ్యము రెండుచోట్లా ఒక్కటే, దానిని లాగే బలమే వేరు. ఇక క్షేత్రమనగానే పిల్లలకు తిరుపతి తోచును. అది పొలమునకు కూడా పేరని చెప్పండి. పొలములో ఒక్కొక్కచోట ఒక్కొక్క సారము ఉన్నట్లే, గురుత్వ క్షేత్రములో ఒక్కొక్క బిందువు వద్ద ఒక్కొక్క తీవ్రత ఉండును. ఒక కిలోగ్రాము అక్కడ ఉంచితే ఎంత బలము పడునో అదియే ఆ తీవ్రత.

ఈ సంస్కృత పదములు కఠినమని, ఇంగ్లీషు మాధ్యమమే సులభమని తల్లిదండ్రులు అంటారు. ఇంగ్లీషు పదమైననూ అర్థము తెలియక వల్లిస్తే అంతే కఠినము. పైగా దానిని విడదీసి చూపుటకు ఇంటిలో ఎవరూ ఉండరు. తమిళనాట 2006 నాటి చట్టముతో మన పిల్లలకు తమిళమును నిర్బంధ పాఠ్యాంశముగా చేసినారు. దానినీ ఇక్కడ వాడుకొనవచ్చును. ద్రవ్యరాశి, బరువులకు తమిళములో నిఱై, ఎడై అని వేర్వేరు పదములున్నవి. అంగడిలో కిలోలను ఎడై అనుట అక్కడా ఉన్నదే. రెండు భాషలలో చెప్పగలిగిన బిడ్డకు భావము రెండింతలు గట్టిపడును.

తెలుగు మాధ్యమపు తరగతులలో పిల్లలు ఏటేటా తగ్గుచుండగా, "తెలుగులో సైన్సు రాదు" అన్న మాటను మన మౌనముతో మనమే నిజము చేయుచున్నామని నా బాధ. ఆ బాలిక తండ్రియు బడి మార్చుదమనియే ఉండెను. కారణము ఆ లెక్కలే.

కనుక తోటి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఈ సాయంత్రము మీ బిడ్డ లెక్క చేయబోవునప్పుడు సూత్రము అడుగకండి. అంకెలను వదలి లెక్కను కథవలె చెప్పమనండి: ఏ వస్తువు, దానిని ఎవరు లాగుచున్నారు, ఏది అడ్డుకొనుచున్నది, వేగము మారుచున్నదా? బాణపు గుర్తులతో ఆ బలములను గీయమనండి. ఆ తరువాతనే అంకెలు. కథ చెప్పలేని చోటనే తప్పు ఉన్నది. అక్కడ కావలసినది మన తెలుగు పాఠమే.